పరగడుపున మొదటి బస్సు

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితాన్ని
అద్దం పక్కన అన్నం మెతుకుతో అంటించింది హుస్సేనమ్మ.
రాత్రి తొమ్మిది దాటాక ఏమీ ముట్టకూడదు.
సూది సగమే. పొద్దున అసలే వద్దు.
తెల్ల బిళ్ళ స్కాన్ రోజు ఆపాలి,
ఆ తరవాత రెండు రోజులూ ఆపాలి.
నీళ్ళు మాత్రం తాగొచ్చు.
అంకెలు తప్ప అక్షరాలు రాని మనిషి
నాతో మూడుసార్లు చదివించుకొని కంఠతా పట్టింది.

పదకొండేళ్ళుగా ముద్దతోపాటు మింగిన బిళ్ళ.
దాన్ని ఆపమన్నప్పుడే భయమేసింది నాకు,
సూదికి కాదు, మిషనుకి కాదు.
కిడ్నీల లెక్క మొన్ననే తీశారు.
"కొంచెం అంచులో ఉంది తాతా,
రంగుమందు ఎక్కించాక ఇంకోసారి చూడాలి"
అన్నాడు రక్తం తీసిన పిల్లోడు.
అంచు సంగతి నాకు చెబుతాడా!
నలభై ఏళ్ళు మార్కాపురం పలక గనుల్లో
రాయికి ఉలి పెట్టి చీల్చినోణ్ణి.
అంచు చూసి చెప్తా
ఎన్ని పొరలిస్తదో, ఏ పొర మోసం చేస్తదో.

నాలుగు గంటల బస్సు.
సంచిలో పాత రిపోర్టులు, సుగర్ మీటరు,
మా నాయన నశ్యం డబ్బాలో పటికబెల్లం ముక్కలు.
పొదిలి బస్టాండులో ఇడ్లీ ఆవిరి
కిటికీలోంచి లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది.
ముఖం అటు తిప్పుకుంటే
అటుపక్క పూరీలు.

చీమకుర్తి దగ్గర
గ్రానైటు బండల లారీలు వరసగా పోతుంటే
చొక్కా వీపుకి అంటుకుపోయింది.
చలికాలం, చెమటేంది?
వేళ్ళు నావి కానట్టు వణికినయ్.
తను మాట్లాడలేదు. వేలు పట్టి గుచ్చింది.
అరవై మూడు.

"ఏమీ తినొద్దన్నారు గదే!"
"పడిపోతే బెల్లం చప్పరించమన్నారు. నేనడిగా.
ఫోన్లో రెండుసార్లడిగా."
డబ్బా మూత టక్కుమంది.
పెళ్ళిళ్ళలో నా ఆకులోంచి లడ్డూ ఎత్తుకెళ్ళే చెయ్యి
నా నోట్లో తీపి పెట్టింది.
అది కరిగేదాకా నా పెదాలే చూస్తా కూర్చుంది.
ఏమైందమ్మా అని వెనక సీటాయన అడిగినా
వినపళ్ళేదు.
పావుగంటకి మళ్ళీ గుచ్చింది. తొంభై ఒకటి.
అప్పుడు తనొక ముక్క వేసుకుంది.

ఒంగోల్లో లాయర్‌పేట.
సుగరోళ్ళకి ముందు నంబర్లు.
సీసా నీళ్ళలో ఏదో కలిపి
గంటసేపు గుక్క గుక్కగా తాగమన్నారు,
ఆకలి కడుపుకి అదే టిఫిను.
దారిలో జరిగింది తనే చెప్పింది నర్సుకి,
బెల్లం ముక్కల లెక్కతో సహా.
ఆయాసముందా, ఏ మందన్నా పడదా, కిడ్నీ జబ్బుందా,
అన్నిటికీ టిక్కులు పెట్టి
కింద కాశింపీరా అని రాశా,
పలక మీద రాసినట్టు, పెద్దగా.

గుండ్రటి వాకిట్లోకి బల్లని తోశారు.
మందెక్కంగానే గొంతులో వేడి, పొత్తికడుపులో వేడి.
వాళ్ళిచ్చిన గౌను తడిసిందేమోనని సిగ్గుతో చచ్చా.
తడవలేదు.
"అందరికీ అట్నే ఉంటది" అన్నాడు గాజు వెనక మైకు.
ఊపిరి బిగబట్టమన్నాడు.
బిగబట్టా.
సుత్తి దిగే ముందు నేనూ బిగబట్టేవాణ్ణి,
ఊపిరి కదిలితే పొర విరుగుద్ది.

నా కడుపుని ఎన్ని పలకలు చేశాడో!

గంట ఆగి ఫిలిమిచ్చారు. రిపోర్టు రేపంట.
కిటికీ వెలుగులో ఎత్తి పట్టుకున్నా.
గడికొక పొర. ఏది లివరో, ఏది పేగో నాకేం తెలుసు.
మంచి పలకని తడితే కంచులా మోగుద్ది,
పగులున్నది మూగగా పలుకుద్ది.
అలవాటు ఊరుకోదు.
వేలు మడిచి తట్టా.
రేకులా ఊగింది, అంతే.

ఎదురు హోటల్లో పెసరట్టు రాంగానే
చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది బిళ్ళ కోసం.
"ఎల్లుండి దాకా లేదు" అంది హుస్సేనమ్మ
నోట్లో ముద్దతో,
నీళ్ళ గ్లాసు నా వైపు జరుపుతా.
"ఇది తాగు. ఆ రంగంతా కడుక్కుపోవాలంట."